సాక్ష్యం చెప్పించుకుని సాగనంపితే చాలదు



పోయిన ఏడాది వానాకాలంలో ఒక రాత్రి, పదకొండు దాటాక, మన సంఘంలోని ఒక సహోదరి ఫోన్ చేసింది. "అయ్యగారూ, ఈయన మందు మానేశారండి. రెండు రోజులైంది. కానీ మనిషి మనిషిలా లేరండి. ఒక్కసారి వచ్చి ప్రార్థన చేయండి" అంది.

ఇరవై ఏళ్లు తాగిన మనిషి రెండు రోజులుగా ముట్టలేదంటే నాకు ముందు సంతోషమే కలిగింది. బైబిలు, టార్చిలైటు తీసుకుని బయలుదేరాను. దారిలో మన తాపీ మేస్త్రి తలుపు కూడా తట్టాను. ఆయన ఒకప్పుడు వారం కూలి అంతా శనివారం సాయంత్రానికే బెల్టు షాపులో పోసి వచ్చేవాడు. తొమ్మిదేళ్లుగా చుక్క ముట్టలేదు. అంత రాత్రివేళ ఒంటరిగా వెళ్లడం ఎందుకని పిలిచాను తప్ప, ఆయన అవసరం ఏముంటుందో నాకు తెలియదు.

మేం వెళ్లేసరికి ఆ సహోదరుడు మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లంతా చెమట. చేతులు వణుకుతున్నాయి. నేను చాప వేయించి మోకరించబోయాను. మేస్త్రి మాత్రం ఆయన పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగాడు. "ఆఖరుసారి ఎప్పుడు పుచ్చుకున్నావు తమ్ముడూ? నిన్న, ఇవాళ నిద్ర పట్టిందా? గోడమీద ఏమన్నా పాకుతున్నట్టు కనబడుతోందా?"

ఆ మనిషి గోడవైపు చూశాడు. "చీమలు అన్నా. ఎన్ని దులిపినా పోవట్లేదు" అన్నాడు. గోడమీద చీమ ఒక్కటీ లేదు.

మేస్త్రి లేచాడు. "అయ్యగారూ, ప్రార్థన ఆటోలో చేద్దామండి. ముందు ఆటో పిలిపించండి" అన్నాడు.

ఆటోలోనే ప్రార్థన చేశాం. ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టరుగారు చూసి, తెల్లారేదాకా ఆగి ఉంటే ప్రాణం మీదికి వచ్చేదని చెప్పారు. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగినవాళ్లు ఒక్కసారిగా మానేస్తే, కొందరికి మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చట. సాధారణంగా రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య కొందరికి మతి తప్పుతుందట, లేనివి కనబడతాయట, జ్వరం, గుండెదడ వస్తాయట. వైద్యం అందకపోతే మనిషి చనిపోవచ్చు కూడా. ఇరవై రెండేళ్లుగా పరిచర్యలో ఉన్న నాకు ఈ సంగతి తెలియదు. తెలియకుండానే ఎంతమందిని "ఈ రోజు నుంచి ముట్టను అని ప్రమాణం చెయ్యి" అని ఇంటికి పంపి ఉంటానో తలుచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది.

మేస్త్రికి మాత్రం తెలుసు. పుస్తకంలో చదివి కాదు. ఆ చీమలు ఒకప్పుడు ఆయనకూ కనిపించాయి.

ఆ రాత్రి నుంచి నాలో ఒక ఆలోచన నలుగుతూ ఉంది. తాగుడులోనుంచి, మానసిక వ్యాధిలోనుంచి బయటపడ్డవాళ్లు మన సంఘాల్లో ఉన్నారు. వాళ్లను మనం ఎలా వాడుకుంటున్నాం? మైకు ఇచ్చి పది నిమిషాలు సాక్ష్యం చెప్పించుకుంటాం. చప్పట్లు కొడతాం. తర్వాత సాగనంపుతాం. కానీ వాళ్ల దగ్గర ఉన్నది సాక్ష్యం ఒక్కటే కాదు, ఒక పనికి కావలసిన తెలివి ఉంది. ఆ పని వాళ్లకు అప్పగించాలి, నేర్పించాలి, ఆ పనికి తగిన గౌరవం ఇవ్వాలి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇంతే. అయితే ఇంత చిన్న మాట అమలుకు వచ్చేసరికి ఎంత కష్టమో కూడా చెబుతాను. ఎందుకంటే ఇందులో నేనే ఒకసారి ఘోరంగా తప్పు చేశాను.

ఒక పాస్టరుగారు చేసిన మంచి పని

ఇది కొత్త సంగతేమీ కాదు. 1935 మే నెలలో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, ఆక్రన్ అనే ఊరికి బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి ఏదో పనిమీద వెళ్లాడు. తాగుడుతో బతుకు పాడుచేసుకుని, అయిదు నెలల క్రితమే మానేసిన మనిషి. వెళ్లిన పని చెడిపోయింది. హోటల్లో ఒంటరిగా ఉన్నాడు. ఒకవైపు బారులోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. మరోవైపు గోడకు ఆ ఊరి చర్చిల పేర్ల పట్టీ, దాని దగ్గర ఫోను ఉన్నాయి. ఆయన ఫోను దగ్గరికి వెళ్లాడు. వాల్టర్ టంక్స్ అనే పాస్టరుగారికి ఫోన్ చేసి, తనలాగే తాగుడుతో బాధపడుతున్న ఇంకొక మనిషితో మాట్లాడాలని అడిగాడు.

ప్రియులారా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. నాకే అలాంటి ఫోన్ వస్తే ఏం చేసేవాణ్ని? "రండి బాబూ, కూర్చోండి, నేను మాట్లాడతాను" అనేవాణ్ని. ఆ పాస్టరుగారు అలా అనలేదు. కొన్ని పేర్లు, ఫోన్ నంబర్లు ఇచ్చారు. వాటి ద్వారా విల్సన్‌కు హెన్రియెట్టా సైబర్లింగ్ అనే ఆమె దొరికింది. ఆమెకు తెలిసిన ఒక సర్జన్ ఉన్నారు, డాక్టర్ బాబ్ స్మిత్. ఆయన తాగుడు గురించి ఆమె ప్రార్థిస్తోంది. మర్నాడు ఆదివారం సాయంత్రం ఇద్దరినీ తన ఇంట్లో కలిపింది.

డాక్టర్ బాబ్ పదిహేను నిమిషాలు మాత్రమే ఉంటానని వచ్చారు. ఆరుగంటలకు పైగా ఉండిపోయారు. ఆయన తాగుడు గురించి తెలియని మనిషి కాదు, డాక్టరే. మంచి మాటలు చెప్పేవాళ్లు కూడా ఆయన చుట్టూ లేకపోలేదు. కానీ తన జబ్బును తన ఒంటిమీద అనుభవించి మాట్లాడిన మనిషి ఆయనకు ఎదురుపడటం అదే మొదటిసారి. ఆ తర్వాత కూడా ఆయన ఒకసారి జారిపడ్డారు. డాక్టర్ల మహాసభకని వెళ్లి అక్కడ తాగి వచ్చారు. 1935 జూన్ 10 ఆయన ఆఖరి గ్లాసు తాగిన రోజు అంటారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సహవాసం ఆ రోజునే పుట్టిందని లెక్క.

ఇంకొక సంగతి మనలాంటి ప్రసంగీకులు గుర్తుపెట్టుకోవాలి. ఆక్రన్‌కు రాకముందు నెలల తరబడి విల్సన్ కనబడిన తాగుబోతుకల్లా ప్రసంగం చేశాడు. ఒక్కడూ మారలేదు. ఆయనకు వైద్యం చేసిన డాక్టర్ సిల్క్‌వర్త్ పిలిచి, ప్రసంగాలు ఆపి, ముందు ఆ జబ్బు మనిషిని ఏం చేస్తుందో నీ సొంత కథతో చెప్పు అని సలహా ఇచ్చారు. ఆ సలహా తర్వాతే డాక్టర్ బాబ్‌తో మాట సాగింది. పైగా ఆ సాయంత్రం విల్సన్ ఎవరినో ఉద్ధరించడానికి వెళ్లలేదు. తను మళ్లీ తాగకుండా ఉండటానికే ఇంకొకరి తోడు కోరి వెళ్లాడు. ఇద్దరూ సమానంగా కూర్చున్నారు. పైనుంచి చెప్పేవాడు లేడు, కింద కూర్చుని వినేవాడు లేడు.

ఆ తర్వాత వాళ్లు వైద్యాన్ని విడిచిపెట్టలేదు. 1939 నుంచి ఆక్రన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో సిస్టర్ ఇగ్నేషియా అనే కన్యాస్త్రీ మంచాలు సంపాదించిపెడితే, డాక్టర్ బాబ్ అక్కడ వేల మందికి ఉచితంగా వైద్యం చేశారు. మానుకున్నవాళ్లు వచ్చి ఆ మంచాల పక్కన కూర్చునేవారు. ఆసుపత్రి, ప్రార్థనాపరురాలు, దారి నడిచివచ్చిన మనిషి, ఈ ముగ్గురూ ఒకే గదిలో ఉన్నారు. మన దగ్గర ఈ ముగ్గురూ మూడు ఊళ్లలో ఉంటారు.

గొలుసులు విప్పింది ఎవరు?

తాగుడు సంగతి ఇది. మతిస్థిమితం తప్పినవారి సంగతిలో ఇంకా పాత కథ ఉంది. ఫ్రాన్సులో పారిస్ దగ్గర బిసేత్ర్ అనే ఆసుపత్రి ఉండేది. అక్కడ మానసిక రోగులను గొలుసులతో కట్టి ఉంచేవారు. జాన్ బాప్టిస్ట్ పుసాన్ అనే తోలుపని చేసుకునే మనిషి మెడమీద గడ్డల జబ్బుతో అక్కడ రోగిగా చేరాడు. నయమయ్యాక అక్కడే పనికి కుదిరి, కొన్నాళ్లకు మానసిక రోగుల వార్డుకు పెద్ద అయ్యాడు. ఆయన, ఆయన భార్య కలిసి ఆ వార్డు చూసుకున్నారు. కొట్టడం మాన్పించారు. నయమైన రోగుల్లోనుంచే పనివాళ్లను ఎంచుకునేవారు. తాము పడ్డ బాధ తెలిసినవాళ్లు రోగిమీద చెయ్యెత్తరని వారి నమ్మకం. 1797లో పుసాన్ అక్కడి గొలుసులు తీయించాడు.

చరిత్రలో ఆ పేరు మాత్రం ఎక్కువగా డాక్టర్ ఫిలిప్ పినెల్‌కు దక్కింది. పినెల్ 1793లో అక్కడికి వచ్చిన పెద్ద వైద్యుడు. ఆయన నిజాయితీగల మనిషి, పుసాన్ దగ్గర తాను నేర్చుకున్నానని తన పుస్తకంలో రాశారు. తర్వాత తాను పనిచేసే ఆసుపత్రికి కూడా ఆయన్ను పిలిపించుకున్నారు. చదువుకున్న డాక్టరు, చదువులేని మాజీ రోగి దగ్గర కూర్చుని నేర్చుకోవడానికి సిగ్గుపడలేదు.

గొలుసుల మాట వచ్చింది కాబట్టి మన ఇంటి సంగతి కూడా చెప్పుకోవాలి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, స్వస్థత కోసం తెచ్చిన మానసిక రోగులను ఉంచిన పాకకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టి ఉండటం వల్ల పారిపోలేక 28 మంది కాలిపోయారు. అది వేరే మతం వాళ్ల చోటు కదా అని మనం తప్పించుకోకూడదు. స్వస్థత కూటాల పేరుతో మనవాళ్లు కూడా మనుషులను కట్టి ఉంచిన చోట్లు నేను కళ్లారా చూశాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మానసిక రోగిని ఏ రూపంలో గొలుసుతో బంధించినా నేరమే. అదే చట్టం ఇంకొక మంచి పని కూడా చేసింది. కేంద్రంలో, రాష్ట్రాల్లో ఏర్పాటయ్యే మానసిక ఆరోగ్య అథారిటీల్లో, మానసిక వ్యాధి ఉన్నవారి, ఉండి కోలుకున్నవారి తరఫున కూడా సభ్యులుండాలని రాసింది. ప్రభుత్వం కుర్చీ వేసింది. మరి మన సంఘ పెద్దల కమిటీలో అలాంటి కుర్చీ ఉందా?

ఇది నిజంగా పనిచేస్తుందా?

కొందరు పెద్దలు నన్ను అడిగారు: "అయ్యగారూ, మీరు చెప్పేది బాగానే ఉంది. కానీ చదువుకున్న కౌన్సిలరు చేసే పని మేస్త్రి చేయగలడా?" న్యాయమైన ప్రశ్నే. వైద్య పరిశోధనలను కూడగట్టి తూచే కోక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ ఉంది. 2013లో వాళ్లు మానసిక వైద్య సేవల్లో పనికి పెట్టుకున్న మాజీ రోగుల గురించి 11 అధ్యయనాలు పరిశీలించారు. అవే పనులు చేసే ఇతర ఉద్యోగులతో పోల్చితే ఫలితాలు మెరుగ్గానూ లేవు, తక్కువగానూ లేవు, దాదాపు సమానం. 2020లో మద్యపానం గురించి 27 అధ్యయనాలు, 10,565 మంది వివరాలు చూశారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ కూడికలకు మనిషిని పద్ధతి ప్రకారం నడిపించే చికిత్స, పూర్తిగా మానేసి ఉండే విషయంలో పేరున్న ఇతర చికిత్సలకంటే మెరుగ్గా పనిచేసిందని తేల్చారు.

ఈ లెక్కలను నేను పెంచి చెప్పను. డాక్టరు అక్కర్లేదని అవి చెప్పడం లేదు. నడిచివచ్చినవాడు అద్భుతాలు చేస్తాడనీ చెప్పడం లేదు. నేర్పించి, పర్యవేక్షిస్తే నమ్మకంగా పని అప్పగించదగిన మనిషి అని మాత్రం చెబుతున్నాయి. అమెరికాలోని జార్జియా రాష్ట్రం 1999లోనే ఇలాంటివారి సేవకు ప్రభుత్వ ఆరోగ్య పథకం నుంచి డబ్బు చెల్లించడం మొదలుపెట్టింది. అక్కడ వీళ్లకు శిక్షణ, సర్టిఫికెట్, జీతం ఉన్నాయి.

మన దేశానికి ఆల్కహాలిక్స్ అనానిమస్ 1957లో వచ్చింది. మన తెలుగు పట్టణాల్లో కూడా వాళ్ల కూడికలు జరుగుతున్నాయి. ఫీజు ఉండదు, పేరు బయటపెట్టరు. చెన్నైలో శాంతి రంగనాథన్ గారు తాగుడువల్ల భర్తను పోగొట్టుకుని, ఆయన పేరుమీద 1980లో వైద్య సంస్థను స్థాపించారు. ఆమె స్వయంగా తాగినవారు కాదు, తాగే మనిషి ఇంట్లో బతికినవారు. అది కూడా అనుభవమే. ఆ సంస్థ పల్లెటూళ్లకే వెళ్లి శిబిరాలు పెట్టి వైద్యం చేసింది. భర్త తాగుడుతో నలిగిన భార్యకు, కొడుకు కోసం ఏడ్చిన తల్లికి కూడా ఇంకొకరికి ఇవ్వగల జ్ఞానం ఉంటుందని మరిచిపోకండి. మన సంఘంలో అలాంటి తల్లులు ఎంతమందో మీకూ తెలుసు.

నేను చేసిన తప్పు

ఇప్పుడు నా తప్పు చెబుతాను. మేస్త్రి సంగతికి చాలా ముందు జరిగింది. మన సంఘంలో ఒక యువకుడు ఉండేవాడు. మంచి గొంతు. తాగుడు, దానితోపాటు గంజాయి కూడా. ఒక ఉపవాస కూడికలో ఏడ్చి అన్నీ విడిచిపెట్టాడు. రెండు నెలలు శుభ్రంగా ఉన్నాడు. నేను పొంగిపోయాను. గుడారాల పండుగలో వేదిక ఎక్కించి సాక్ష్యం చెప్పించాను. మూడు మండలాల జనం విన్నారు. తర్వాత పక్క సంఘాలవాళ్లు పిలిచారు. వారం వారం తిప్పాం. వీడియో తీసి గ్రూపుల్లో పంపాం. అంతటితో ఆగలేదు. తాగేవాళ్ల ఇళ్లకు ఒంటరిగా పంపాను. రాత్రి పదింటికి ఎవరో ఫోన్ చేస్తే, "నువ్వు వెళ్లు తమ్ముడూ, నీ మాట వింటారు" అన్నాను. అతనికి ఏ శిక్షణా ఇప్పించలేదు. "నువ్వెలా ఉన్నావు?" అని ఒక్కసారీ అడగలేదు.

అయిదో నెలలో జారిపడ్డాడు. మామూలు మనిషి జారితే వీధికి తెలుస్తుంది. అతను జారితే మూడు మండలాలకు తెలిసింది. మేం పంపిన వీడియో కిందే జనం ఎగతాళి రాశారు. మందిరానికి రావడం మానేశాడు. కొన్నాళ్లకు హైదరాబాదు వెళ్లిపోయాడు. ఇప్పటికీ అప్పుడప్పుడు ఫోన్ చేస్తాను. ఎత్తడు. ఒక్కసారి ఎత్తి, "అయ్యగారూ, నన్ను అప్పుడే ఎందుకు ఎక్కించారండి?" అని పెట్టేశాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

ఆ అబ్బాయి అనుభవాన్ని నేను గౌరవించానని అనుకున్నాను. నిజానికి వాడుకున్నాను. మన పండుగకు ఒక కథ కావలసి వచ్చింది, అతని కథ దొరికింది. డాక్టర్ బాబ్ మొదటి కలయిక తర్వాత కూడా జారిపడ్డారని పైన రాశాను. ఆ సంగతి ఊరంతా మైకులో చెప్పిన తర్వాత జరిగి ఉంటే ఆయన మళ్లీ లేచేవారా?

మాత్రల సాక్ష్యానికి ఆమెన్ లేదు

ఇంకొక మాట చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. మన సంఘాల్లో "తాగుడు మానేశాను" అని ఎవరైనా లేస్తే హల్లెలూయా అంటాం. కానీ "నాకు మానసిక వ్యాధి ఉంది, రోజూ రాత్రి మాత్ర వేసుకుంటాను, దేవుని దయవల్ల బాగున్నాను" అని ఎవరైనా లేస్తే మందిరం నిశ్శబ్దమైపోతుంది. ఎవరో ఒకరు కూడిక అయ్యాక ఆమెను పక్కకు పిలిచి, "విశ్వాసం ఉంటే మాత్రలు ఎందుకమ్మా?" అంటారు. షుగరు మాత్రలు వేసుకునే పెద్దమనిషే ఆ మాట అంటాడు.

మన సంఘంలో ఒక సహోదరి ఉంది. ఆమె అనుమతితోనే, గుర్తులు తెలియకుండా రాస్తున్నాను. బిడ్డ పుట్టిన తర్వాత ఆమెకు మనసు చెదిరింది. నిద్ర లేదు, పాలివ్వాలని లేదు, చచ్చిపోవాలనిపించేదట. అత్తవారు దయ్యం అన్నారు. చివరికి డాక్టరు దగ్గరికి వెళ్లి మందులు వాడి కోలుకుంది. ఇప్పుడు ఊళ్లో ఏ బాలింత అయినా మౌనంగా మారితే, మన అమ్మగారు ఈమెకు కబురు పెడతారు. ఈమె వెళ్లి పెద్దగా ఏమీ మాట్లాడదు. బిడ్డను కాసేపు ఎత్తుకుంటుంది. తర్వాత తన సంచిలోంచి మాత్రల షీటు తీసి చూపించి, "నేనూ ఇవి వాడానమ్మా. చూడు, బాగానే ఉన్నాను" అంటుంది. ఆ షీటు చేసే పని నా అరగంట ప్రసంగం చేయలేదు.

"మందిరంలో చెబుతావా అమ్మా?" అని నేను అడగబోయి ఆగాను. ఆమే చెప్పింది: "నాకు భయం లేదండి. కానీ మా పిల్లకు రేపు సంబంధాలు రావండి." ఆమె విశ్వాసంలో లోటు లేదు. మన విశ్వాసంలోనే ఉంది. ఆమె నోరు విప్పడానికి భయపడే సంఘాన్ని తయారుచేసింది మనమే.

మనం ఏం చేయాలి?

సంఘ పెద్దల ముందు నేను పెట్టిన మాటలు మీ ముందూ పెడుతున్నాను.

మొదటిది, సమయం. కోలుకున్న మనిషిని కనీసం ఒక సంవత్సరం వేదిక ఎక్కించకూడదు, ఇంకొకరి బాధ్యత నెత్తిన పెట్టకూడదు. ఆ సంవత్సరం మనం వారికి పరిచర్య చేయాలి, వారితో చేయించుకోకూడదు.

రెండోది, ఇష్టం. కోలుకున్న ప్రతివారూ సలహాదారు కావాలని లేదు. తన కథను మూసిపెట్టుకుని మామూలుగా బతకాలనుకునే హక్కు కూడా మనిషికి ఉంది. మనం బలవంతం చేయకూడదు.

మూడోది, నేర్పించడం. అనుభవం ఉంటే చాలు, నేనే వైద్యం అని కేంద్రాలు తెరిచి, రోగులను కట్టి కొట్టినవాళ్ల వార్తలు మనం పత్రికల్లో చదివాం. తన దారి ఒక్కటే దారి అనుకునే మనిషి ప్రమాదకారి. ఏది తన పరిధి, ఏది డాక్టరు పరిధి, చనిపోవాలని ఉందని ఎవరైనా అంటే ఏం చేయాలి, విన్నది ఎలా దాచాలి, ఇవన్నీ నేర్చుకోవాలి. ఎవరి మాత్రలూ ఆపించకూడదు. స్త్రీల దగ్గరికి స్త్రీలే వెళ్లాలి. ఎవరూ ఒంటరిగా వెళ్లకూడదు.

నాలుగోది, ఖర్చు. బయటినుంచి వచ్చే ప్రసంగీకునికి కారు ఖర్చులు, శాలువా, కానుక ఇస్తాం. ఆసుపత్రిలో మూడు రాత్రులు కూర్చున్న మేస్త్రికి మూడు రోజుల కూలి పోయింది. ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్లు తోటివారికి చేసే సహాయానికి డబ్బు తీసుకోరు, అది వాళ్ల నియమం, మంచిదే. కానీ కూలిపని చేసుకునే మనిషి దగ్గర ఉచిత సేవ కోరేటప్పుడు, ఆ రోజు ఆయన ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో చూడటం మన బాధ్యత. వచ్చే నెల నుంచి కానుకల్లో కొంత ఇందుకు తీసిపెట్టాలని నేను అడిగాను. ఇద్దరు పెద్దలు ఇంకా ఒప్పుకోలేదు. వారికోసం కూడా ఇది రాస్తున్నాను.

అయిదోది, జారితే పట్టుకోవడం. సహాయం చేసేవాడు కూడా జారవచ్చు. అప్పుడు పని ఆపించి, మనిషిని మాత్రం దగ్గరే ఉంచుకోవాలి. ప్రతి వారం ఆయన్ను ఎవరో ఒకరు "నువ్వెలా ఉన్నావు?" అని అడగాలి. మేస్త్రిని ఆ ప్రశ్న అడిగే పని నేను తీసుకున్నాను.

ఈలోగా మీ ఇంట్లో ఎవరికైనా అవసరమైతే ఆగకండి. మానసిక బాధకు టెలి మానస్ నంబరు 14416. తెలుగులో మాట్లాడతారు. మద్యం, గంజాయి లాంటివాటికి 14446. ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా మానేసి వణుకుతున్నా, లేనివి కనబడుతున్నా, ఫిట్స్ వచ్చినా 108కి చేయండి. ప్రార్థన దారిలో చేసుకోవచ్చు.

సమాధుల మధ్య బతికిన ఒక మనిషి కథ మీ అందరికీ తెలుసు. ఆయన్ను కూడా ఊరివాళ్లు గొలుసులతో కట్టినవారే. స్వస్థపడ్డాక తానూ దోనె ఎక్కి వెంట వస్తానని బతిమాలాడు. ప్రభువు ఎక్కించుకోలేదు. ఇంటికి, తన సొంతవాళ్ల దగ్గరికి పంపాడు. ఊరూరా తిప్పి చూపించుకోలేదు. ఆ మనిషి ఎక్కడ అవసరమో అక్కడికి పంపాడు. ఈ సంగతి ఎన్నోసార్లు ప్రసంగించాను గాని, ఆ ఆటోలో కూర్చున్న రాత్రివరకు నాకు సరిగా అర్థం కాలేదు.

ఆ చీమలు చూసిన సహోదరుడు ఇప్పుడు బాగున్నాడు. మొన్న పండుగ కమిటీవాళ్లు వచ్చి, "ఈసారి ఆయన సాక్ష్యం పెడదాం అయ్యగారూ" అన్నారు. వద్దన్నాను. ఆదివారం కూడిక అయ్యాక ఆయన, మేస్త్రి వేపచెట్టు కింద కూర్చుని టీ తాగుతూ ఉంటారు. ఏం మాట్లాడుకుంటారో నాకు తెలియదు. నేను వెళ్లి అడగను.

ఇందులో మీరు ఒప్పుకోని మాట ఉంటే కూడిక తర్వాత నన్ను కలిసి చెప్పండి. హైదరాబాదులో ఉన్న ఆ తమ్ముడి కోసం మాత్రం అందరూ ప్రార్థించండి. ఇది అతని ఫోన్‌కు కూడా చేరితే, తమ్ముడూ, తప్పు నాది. వేదిక ఎక్కనక్కర్లేదు, ఊరికే ఇంటికి రా.

మీ కొరకు ప్రార్థించే,
మీ పాస్టరు